బలరేఖ దారి కాదు

చదువుకునే రోజుల్లో ఒక భౌతికశాస్త్ర పరీక్షలో నేను రాసిన తప్పు సమాధానానికి నాలుగు మార్కులకు నాలుగూ వేశారు. అది తప్పని నాకు దాదాపు పాతికేళ్ల తర్వాత గానీ తెలియలేదు. ప్రశ్న చిన్నదే. ఒక ధనావేశమూ, అంతే పరిమాణం గల ఒక రుణావేశమూ కొంత ఎడంగా, కదలకుండా బిగించి ఉన్నాయి. ధనావేశానికి కాస్త పైన మరొక చిన్న ధనావేశాన్ని ఉంచి వదిలేస్తే అది ఏ దారిన పోతుందో బొమ్మ గీసి చూపమన్నారు. బలరేఖల బొమ్మ, అంటే ప్రతిచోటా బలం ఎటు ఉందో చూపే గీతల బొమ్మ, నాకు కళ్లు మూసుకుని గీసేంతగా వచ్చు. ధనావేశం నుంచి పైకి లేచి, విల్లులా వంగి, రుణావేశంలోకి దిగే రేఖను గీసి, దాని మీద బాణం గుర్తు పెట్టి, కింద "సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి కనుక" అని కారణం కూడా రాశాను. దిద్దినవారు ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, బొమ్మ చక్కగా ఉందని పక్కన రాశారు.

ఈమధ్య మా అబ్బాయికి ఆ బొమ్మనే కదిలించి చూపిద్దామని కంప్యూటర్లో ముప్పై వరుసల చిన్న ప్రోగ్రాం రాశాను. అందులో పెద్ద తెలివేమీ లేదు. ఆవేశం ఉన్నచోట బలం ఎంతో లెక్కకట్టడం, దాన్నిబట్టి వేగాన్ని రవ్వంత మార్చడం, ఆ వేగంతో చుక్కను రవ్వంత జరపడం, మళ్లీ మొదటికి రావడం, అంతే. రెండు ఆవేశాల మధ్య దూరంలో అయిదో వంతు ఎత్తున మూడోదాన్ని ఉంచాను. అది విల్లులా వంగి రుణావేశంలోకి దిగుతుందని తెర మీద వేలు పెట్టి మరీ చెప్పి వదిలాను. అది నిటారుగా పైకి లేచింది. రుణావేశం వైపు కాస్త ఒరిగిందన్న మాటే గానీ, ఎక్కడా ఆగకుండా తెర పై అంచు దాటి వెళ్లిపోయింది. ప్రోగ్రాంలో ఎక్కడో ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయనుకుని ఒక సాయంత్రమంతా వెతికాను. తప్పు ప్రోగ్రాంలో లేదు.

ఆ తప్పుకు మూలం నేను కారణంగా రాసిన ఆ వాక్యంలోనే ఉందని ఇప్పుడు నా అభిప్రాయం. ఆ వాక్యం అబద్ధం కాదు. రెండే రెండు బిందు ఆవేశాలు ఉండి, అవి కదలకుండా ఉండి, చుట్టూ మరేమీ లేనప్పుడు వాటి మధ్య బలం ఏ దిక్కున పనిచేస్తుందో అది సరిగ్గానే చెబుతుంది. అయితే మనం దాన్ని అంతటితో వదిలిపెట్టం. వస్తువులు ఎందుకు అతుక్కుంటాయో, ఆవేశాలు ఎటు పోతాయో, ఎంత వేగంగా పోతాయో, ఎక్కడ ఆగుతాయో అన్నీ ఆ ఒక్క వాక్యంతోనే చెప్పించబోతాం. పైగా ఆ వాక్యంలో ఆవేశాలు ఒకదాన్నొకటి చూసి, ఇష్టపడి దగ్గరకు జరిగే మనుషుల్లా, పడక ముఖం తిప్పుకునే మనుషుల్లా కనిపిస్తాయి. ఏ ఆవేశానికీ అవతలి ఆవేశం సంగతి తెలియదు. దానికి తెలిసేదల్లా తాను ఉన్నచోట, ఆ క్షణాన, విద్యుత్ క్షేత్రం, అంటే అక్కడ ఆవేశం మీద పనిచేసే బలాన్ని నిర్ణయించేది, ఎంత ఉంది, ఎటు ఉంది అన్నది మాత్రమే. చదువు ఈ మాటతో మొదలుకావాలనీ, సజాతి విజాతి సూత్రం దీని తర్వాత రావాలనీ నా వాదన.

దువ్వెన సంగతే తీసుకుందాం. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పది పదిహేను సార్లు గబగబా దువ్వి, గోరంత కాగితపు ముక్కల మీదికి మెల్లగా దించి చూడండి. కాస్త ఎత్తులో ఉన్నంతసేపూ ఏమీ జరగదు. ఇంకొంచెం దించగానే ఒక ముక్క అంచు లేస్తుంది. ముక్క నిటారుగా నిలబడి, ఒకసారి వణికి, ఒక్క గెంతుతో దువ్వెన పళ్లకు అతుక్కుంటుంది. ఇంతవరకూ అందరూ చూసినదే. అసలు చూడవలసింది ఆ తర్వాత జరిగేది. దువ్వెనను కదపకుండా పట్టుకుని కాసేపు ఓపిక పడితే, అతుక్కున్న ముక్కల్లో ఏదో ఒకటి ఎవరో గోటితో చిమ్మినట్టు ఎగిరి అవతల పడుతుంది. అల్యూమినియం రేకు ముక్కలైతే అంతసేపు కూడా ఆగవు. వచ్చి తగిలిన మరుక్షణమే వెనక్కి దూకుతాయి.

ఇప్పుడు మన సూత్రాన్ని పిలిచి అడగండి. కాగితానికి ఆవేశం లేదు; అది సజాతీ కాదు, విజాతీ కాదు. మరి దువ్వెన దాన్ని ఎందుకు లాగింది? లాగినదాన్ని మళ్లీ ఎందుకు చిమ్మింది? సూత్రం దగ్గర సమాధానం లేదు, క్షేత్రం దగ్గర ఉంది. దువ్వెన మీద చేరిన రుణావేశం తన చుట్టూ ఒక క్షేత్రాన్ని ఏర్పరుస్తుంది. ఆ క్షేత్రంలో కాగితపు అణువుల్లోని ఎలక్ట్రాన్లు దువ్వెనకు ఎడంగా, కేంద్రకాలు దువ్వెన వైపుగా, పరమాణువు పరిమాణంతో పోల్చినా లెక్కలోకి రానంత కొద్దిగా జరుగుతాయి. దీన్నే ధ్రువణం అంటారు. కాగితం మొత్తం ఆవేశం అప్పటికీ సున్నాయే. అయితే దగ్గరి వైపున ధనావేశమూ, దూరపు వైపున రుణావేశమూ తేలాయి. దువ్వెనకు దగ్గరలో క్షేత్రం బలంగానూ దూరంలో బలహీనంగానూ ఉంటుంది కనుక దగ్గరి వైపు లాగుడు దూరపు వైపు తోపును మించిపోతుంది. ఆ మిగులే కాగితాన్ని లేపింది. అదే కాగితాన్ని అన్నిచోట్లా ఒకే బలంతో ఉండే సమక్షేత్రంలో ఉంచితే, ఎంత గట్టి క్షేత్రమైనా సరే, లాగుడూ తోపూ సరిసమానమై దాన్ని ఎటూ కదల్చలేదు. అంటే ఆవేశం లేని వస్తువును కదిలించేది క్షేత్రం కాదు, క్షేత్రంలో చోటును బట్టి ఉండే తేడా.

ముక్క అంత హఠాత్తుగా గెంతడానికి కూడా కారణం ఇదే. బిందు ఆవేశం దగ్గరున్న చిన్న తటస్థ వస్తువు మీద ఆకర్షణ, దూరపు వర్గానికి కాక దూరపు అయిదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. దూరం సగమైతే బలం నాలుగు రెట్లు కాదు, 32 రెట్లు అవుతుంది. దువ్వెన బిందువు కాదు కనుక లెక్క అచ్చంగా అలాగే ఉండదు గానీ, సెంటీమీటరు దించేసరికి ఏమీ లేనిచోట అంతా జరిగిపోవడానికి మూలం దగ్గరయ్యేకొద్దీ బలం అంత నిటారుగా పెరగడమే. తగిలిన తర్వాత దువ్వెన మీది ఆవేశం కొంత కాగితంలోకి పాకుతుంది. కాగితంలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది కనుక నిదానంగా పాకుతుంది; లోహపు రేకులోకి క్షణంలో పాకుతుంది. ఇక రెండింటి మీదా ఒకే జాతి ఆవేశం ఉంది కనుక ముక్క ఎగిరిపోతుంది. ఈ చివరి మెట్టుకు మాత్రమే మన సూత్రం సరిపోతుంది.

ఇందులోంచి ఒక విషయం తేలుతుంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. రెండు వస్తువులు ఆకర్షించుకున్నంత మాత్రాన రెండింటికీ ఆవేశం ఉన్నట్టు కాదు. ఒకదానికి ఉంటే చాలు. వికర్షించుకుంటే మాత్రం రెండింటికీ ఆవేశం ఉన్నట్టే. అందుకే ఒక వస్తువుకు ఆవేశం ఉందని నిర్ధారించడానికి వికర్షణే నమ్మదగిన పరీక్ష. ఆఖరికి సజాతి ఆవేశాల విషయంలోనూ సూత్రం చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. రెండు లోహపు గోళాలకూ ధనావేశమే ఇచ్చి, ఒకదానికి చాలా ఎక్కువా మరొకదానికి చాలా తక్కువా ఉంచి, అవి తగిలీ తగలనంత దగ్గరకు తెస్తే అవి ఆకర్షించుకుంటాయి. పెద్ద ఆవేశం చిన్నదాని మీది ఎలక్ట్రాన్లను తన వైపు పోగుచేసుకోవడంతో, ఎదురెదురు ముఖాల మీద విజాతి ఆవేశాలే నిలుస్తాయి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. కాగితం తీసుకుని లెక్క వేసుకున్నాకే నమ్మాను.

బలం ఎంత అన్న ప్రశ్నను సూత్రం అసలు తాకదు. ఆ లెక్క చార్లెస్ ఆగస్టిన్ కూలూంబ్ 1785లో తేల్చినది. సన్నని తీగకు వేలాడదీసిన కడ్డీ ఎంత మెలితిరిగిందో కొలిచి, రెండు ఆవేశాల మధ్య బలం వాటి లబ్ధానికి అనులోమంగానూ, దూరపు వర్గానికి విలోమంగానూ ఉంటుందని ఆయన చూపాడు. అంతకు ముందే, 1767లో, జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఆవేశం ఇచ్చిన లోహపాత్ర లోపల బలం కనిపించకపోవడాన్ని బట్టి ఇది వర్గ విలోమ నియమమే అయి ఉండాలని ఊహించాడు. ఆ ఘాతాంకం కచ్చితంగా 2 అవునా కాదా అన్నదాన్ని తర్వాతివాళ్లు పరీక్షిస్తూనే వచ్చారు. 1971లో జరిగిన ఒక ప్రయోగంలో దశాంశ బిందువు తర్వాత పదిహేను స్థానాల దాకా తేడా కనిపించలేదు.

అంకెల్లో చూస్తేనే ఈ బలం అసలు స్వభావం తెలుస్తుంది. ఒక్కొక్క కూలూంబ్ (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం) ఆవేశం గల రెండు బిందువులను ఒక మీటరు దూరంలో ఉంచగలిగితే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు, అంటే సుమారు 9 లక్షల టన్నుల బరువుతో సమానం. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రానుకూ ప్రోటానుకూ మధ్య విద్యుదాకర్షణ, వాటి మధ్యనే ఉన్న గురుత్వాకర్షణ కంటే 1 పక్కన 39 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు రెండింతల పైచిలుకు రెట్లు ఎక్కువ. ఇంతటి బలం మన చుట్టూ ఉండీ మనకు తెలియకపోవడానికి కారణం ప్రతి వస్తువులోనూ ధన, రుణ ఆవేశాలు ఆశ్చర్యపడేంత సరిసమానంగా ఉండటమే. దువ్వెన మీద చేరేది కూలూంబ్‌లో పది కోట్లవ వంతు, 10 నానోకూలూంబ్‌లు అనుకుందాం. అంటే సుమారు 6,200 కోట్ల ఎలక్ట్రాన్లు. వినడానికి పెద్ద సంఖ్యే. పది గ్రాముల దువ్వెనలో ఉన్న ఎలక్ట్రాన్లతో పోలిస్తే అది 50 లక్షల కోట్లకు ఒక్కటి. అంత చిన్న తేడా చాలు: అలాంటి ఆవేశాలు రెండు పది సెంటీమీటర్ల ఎడంలో ఉంటే వాటి మధ్య బలం 9 మిల్లీగ్రాముల బరువంత ఉంటుంది, మామూలు రాతకాగితంలో చదరపు సెంటీమీటరు ముక్క తూగేది సుమారు 8 మిల్లీగ్రాములే.

ధనం, రుణం అన్న పేర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1730లలో ద్యు ఫే ఆవేశాలు రెండు రకాలని గుర్తించాడు. తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాటికి ధన, రుణ గుర్తులిచ్చాడు. ఏది ధనం అన్నది అప్పట్లో ఉత్త ఎంపిక. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించేనాటికి ఆ ఎంపిక పాతుకుపోయింది కనుక, తీగల్లో నిజంగా కదిలే ఎలక్ట్రానుకు రుణ గుర్తు వచ్చి, విద్యుత్ ప్రవాహ దిశ ఎలక్ట్రాన్లు పోయే దిశకు ఎదురైంది. విద్యార్థులకు ఇది చిరాకు తెప్పిస్తుంది గానీ, ఇందులో భౌతికశాస్త్రం ఏమీ లేదు.

క్షేత్రం అన్న భావన పిల్లలకు బరువవుతుందని, ముందు సులువైన సూత్రం చెప్పి పై తరగతుల్లో క్షేత్రాన్ని పరిచయం చేయడమే మంచిదని ఉపాధ్యాయులు కొందరు నాతో వాదించారు. క్షేత్రం అన్నది లెక్కల సౌలభ్యం కోసం పెట్టుకున్న పేరే తప్ప అక్కడ నిజంగా ఏమీ లేదు కదా అన్నవారూ ఉన్నారు. కదలని ఆవేశాలకు ఈ రెండో మాట చెల్లుతుందని నేనూ ఒప్పుకుంటాను. కూలూంబ్ బలాన్ని రెండు ముక్కలుగా విరిచి, మొదటి ఆవేశం క్షేత్రాన్ని కల్పించిందనీ, ఆ క్షేత్రం రెండో ఆవేశాన్ని తోసిందనీ చెప్పినంత మాత్రాన జవాబులో వచ్చే అంకె మారదు. ఆవేశం కదిలిన క్షణాన మాత్రం ఆ మాట నిలవదు.

మూడు లక్షల కిలోమీటర్ల ఎడంలో రెండు ఆవేశాలు ఉన్నాయనుకోండి. మొదటిదాన్ని ఒక్కసారి పక్కకు జరిపారు. రెండోది ఆ సంగతి ఎప్పుడు తెలుసుకుంటుంది? ఒక సెకను తర్వాత, ఎందుకంటే క్షేత్రంలో మార్పు కాంతి వేగంతోనే పాకుతుంది. ఆ సెకను పాటు రెండో ఆవేశం మొదటిది ఇప్పుడు లేనిచోటు నుంచి వస్తున్నట్టున్న బలానికే లోబడి ఉంటుంది. ఆవేశాలు నేరుగా ఒకదాన్నొకటి లాగుతుంటే ఇలా జరగడానికి వీల్లేదు. ఆ మధ్యకాలంలో చర్యకూ ప్రతిచర్యకూ లెక్క కుదరదు. లెక్కలో తగ్గిన ద్రవ్యవేగం ఎక్కడికి పోయిందని వెతికితే అది క్షేత్రంలోనే ఉంటుంది. శక్తినీ ద్రవ్యవేగాన్నీ మోసుకుపోగలిగిన దాన్ని ఉత్త పేరు అనడం కుదరదు. మైకేల్ ఫారడే బలరేఖలు గీస్తున్న రోజుల్లో గణితం బాగా తెలిసినవారు చాలామంది వాటిని చేయి తిరగనివాడి బొమ్మల్లా చూశారు. 1860లలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఆ బొమ్మల వెనక ఉన్న ఊహనే సమీకరణాలుగా మలిచినప్పుడు అందులోంచి కాంతి బయటపడింది. ఇక బరువు మాటకొస్తే, "ఆవేశం తన చుట్టూ క్షేత్రాన్ని కల్పిస్తుంది, క్షేత్రం తనలో ఉన్న ఆవేశాన్ని తోస్తుంది" అన్న రెండు చిన్న వాక్యాలు, సజాతి విజాతి వాక్యం కంటే ఏ పిల్లవాడికీ ఎక్కువ బరువు కావు. అందులో ఒక దిక్కు గుర్తుంచుకుంటే చాలు: ధనావేశం క్షేత్రం దిక్కున, రుణావేశం దానికి ఎదురు దిక్కున తోయబడుతుంది.

అయితే క్షేత్రాన్ని ముందు చెప్పినంత మాత్రాన నా పరీక్ష తప్పు తప్పేది కాదు. క్షేత్రం ఇచ్చేది బలం. బలం ఇచ్చేది త్వరణం, అంటే వేగంలో మార్పు, వేగం కాదు. బలరేఖకు గీసిన స్పర్శరేఖ ఆ చోట బలం ఎటు ఉందో చెబుతుంది గానీ, అక్కడికి వచ్చిన ఆవేశం ఎటు పోతోందో చెప్పదు. వంపు తిరిగిన బాటలో పరుగెత్తేవాడు వంపుతో పాటు తిరగాలంటే పక్కకు లాగే బలం ఉండాలి. బలమంతా బాట వెంబడే ఉంటే అతడు బాట దాటి బయటికి పోతాడు. బలరేఖ మీద ఆవేశం పరిస్థితి సరిగ్గా అదే. రేఖ వెంబడే ఉన్న బలం దాన్ని ముందుకు ఉరికించగలదు గానీ, రేఖతో పాటు వంచలేదు. నిశ్చల స్థితి నుంచి వదిలినప్పుడు ఆవేశం దారికి మొదట్లో ఉండే వంపు, అక్కడ బలరేఖకు ఉన్న వంపులో సరిగ్గా మూడో వంతేనని లెక్క తేలుస్తుంది. రేఖలు తిన్నగా ఉన్నచోట మాత్రమే, అదీ నిశ్చలంగా వదిలితేనే, రేఖా దారీ ఒక్కటవుతాయి. నా ప్రోగ్రాంలో చుక్క ధనావేశం పక్కనుంచి బయల్దేరినప్పుడే వేగాన్ని దండిగా కూడగట్టుకుంది. రుణావేశం లాగుడు ఆ వేగాన్ని మళ్లించడానికి చాలలేదు.

సమక్షేత్రంలో ఈ తేడా ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది. రెండు సమాంతర పలకల మధ్య శూన్యంలో మీటరుకు 1,000 వోల్టుల క్షేత్రం ఉందనుకుందాం. ఇదేమంత గట్టి క్షేత్రం కాదు, గాలిలో నిప్పురవ్వ ఎగరాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు కావాలి. ఆ పలకల మధ్య వదిలిన ఎలక్ట్రాన్ ఒక సెంటీమీటరు దాటేసరికి సెకనుకు 1,900 కిలోమీటర్లకు చేరువైన వేగం అందుకుంటుంది. దానికి పట్టే సమయం సెకనులో పది కోట్లవ వంతు. అదే చోట ప్రోటాన్‌ను వదిలితే బలం అంతే, దిక్కు మాత్రం ఎదురు. ద్రవ్యరాశి 1,836 రెట్లు కనుక సెంటీమీటరు చివర వేగం సెకనుకు 44 కిలోమీటర్లే. రెండూ సంపాదించిన గతిజ శక్తి మాత్రం సమానం, 10 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇక ఎలక్ట్రాన్‌ను పలకలకు సమాంతరంగా దూసుకువచ్చేలా పంపితే, అది విసిరిన రాయిలా పరావలయంలో వంగుతుంది. బలరేఖలేమో పలక నుంచి పలకకు నిటారుగా ఉంటాయి. థామ్సన్ 1897లో కాథోడ్ కిరణాలను ఇలా వంచి, అయస్కాంతంతో మళ్లీ సరిచేసి, ఆ లెక్క నుంచే ఎలక్ట్రాన్ ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తిని రాబట్టాడు. ఎలక్ట్రాన్లు బలరేఖల వెంబడే పోయేవైతే ఆ ప్రయోగమే ఉండేది కాదు.

మరి ఇంతమందికి ఈ పొరపాటు ఎందుకు కలుగుతుంది? దీనికి ఒక నిజమైన ఆధారం ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మనం రోజూ వాడుకునే విద్యుత్తులో ఆవేశాలు నిజంగానే క్షేత్రం వెంబడే పోతాయి. రాగి తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో అన్ని దిక్కులకూ కొట్టుకులాడుతూ ఉంటాయి. క్షేత్రం వాటిని ఒక దిక్కుకు తోసేలోపే అవి స్ఫటికంలోని కంపనాలకో, మలినాలకో తగిలి దారి మరిచిపోతాయి. ప్రతిసారీ కూడగట్టుకున్న వేగం పోయి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. సగటున మిగిలేది డ్రిఫ్ట్ వేగం, అది క్షేత్రానికి అనులోమంగా, క్షేత్రానికి వ్యతిరేక దిశలో, రేఖ వెంబడే ఉంటుంది. చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగలో ఒక ఆంపియర్ ప్రవహిస్తుంటే ఆ వేగం సెకనుకు మిల్లీమీటరులో 7 వందోవంతులు. ఒక మీటరు సాగడానికి మూడు గంటల ముప్పావు పైనే పడుతుంది. స్విచ్చి నొక్కగానే దీపం వెలిగేది ఎలక్ట్రాన్లు పరుగెత్తుకు రావడం వల్ల కాదు, తీగ పొడవునా క్షేత్రం దాదాపు కాంతి వేగంతో అమరిపోవడం వల్ల.

గాలిలోనూ నూనెలోనూ ఇదే కథ. రాబర్ట్ మిల్లికాన్ 1909 నుంచి చేసిన నూనె చుక్కల ప్రయోగంలో చుక్క మీద విద్యుద్బలం, బరువు, గాలి అడ్డు క్షణంలో సరితూగి, చుక్క మార్పులేని వేగంతో లేచేది లేదా దిగేది. ఆ వేగాలను కొలిచే ఆయన ఎలక్ట్రాన్ ఆవేశం సుమారు 1.6 × 10⁻¹⁹ కూలూంబ్‌లని తేల్చాడు. వేగం బలానికి అనులోమంగా ఉండే ఇలాంటి చోట్ల బలరేఖే దారి అవుతుంది. ప్రయోగశాలలో బలరేఖలు చూపడానికి నూనెలో గింజలు చల్లి క్షేత్రం పెడతారు. గింజలు వరసలు కట్టడం చూసినవారికి ఆవేశాలు ఆ వరసల వెంబడే నడుస్తాయనిపించడం సహజం. శూన్యంలో జరిగేదానికీ జిగట ద్రవంలో జరిగేదానికీ ఉన్న తేడాను సూత్రమూ చెప్పదు, బొమ్మా చెప్పదు.

సూత్రం నమ్మించే మరో భ్రమ, ఆకర్షణ వికర్షణలను సరిగ్గా అమర్చితే ఆవేశాన్ని గాలిలో ఒకచోట నిలిపి ఉంచవచ్చన్నది. రెండు సమాన ధనావేశాల మధ్య సరిగ్గా నడిమిన మూడో ధనావేశాన్ని ఉంచండి. రెండువైపుల నుంచీ తోపు సమానం కనుక అది నిలుస్తుంది. దాన్ని ఒకదాని వైపు కాస్త నెడితే వెనక్కి తోసుకొచ్చి మళ్లీ నడిమికే చేరుతుంది. ఇంతవరకూ అంతా బాగుంది. అయితే వాటిని కలిపే గీతకు అడ్డంగా వెంట్రుకవాసి జరిపి చూడండి. రెండూ కలిసి దాన్ని బయటికే తోస్తాయి, అది మరి తిరిగి రాదు. ఒకవైపు పట్టు బిగిస్తే మరోవైపు జారిపోతుంది. కదలని ఆవేశాలను ఎన్నింటిని, ఎలా పేర్చినా శూన్యంలో ఇంకొక ఆవేశాన్ని స్థిరమైన సమతాస్థితిలో ఉంచలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లో నిరూపించాడు. కారణం బలరేఖల భాషలోనే చెప్పవచ్చు: ఒక చోటికి ఆవేశాన్ని అన్ని దిక్కుల నుంచీ తోసుకురావాలంటే రేఖలన్నీ ఆ చోట ముగియాలి, రేఖలు ముగిసేది ఆవేశం మీదే, అక్కడేమో ఖాళీ స్థలం ఉంది. వోల్ఫ్‌గాంగ్ పాల్ దీనికి ఉపాయంగా క్షేత్రాన్నే క్షణక్షణానికి తారుమారు చేసి, ఒక దిక్కున జారిపోబోయే అయాన్‌ను (ఆవేశం గల పరమాణువును) మరుక్షణం ఆ దిక్కునే పట్టి లాగే పంజరాన్ని తయారుచేశాడు. 1989 నోబెల్ బహుమతిలో ఒక వాటా ఆ పనికి దక్కింది. విజాతి, సజాతి అనుకుంటూ కూర్చుంటే ఆ పంజరం ఎవరి ఊహకూ అందేది కాదని నా నమ్మకం.

నా నాలుగు మార్కుల సంగతికి వస్తే, ప్రశ్నలో "వదిలేస్తే" అని ఉంది గానీ ఎందులో వదిలేస్తే అన్నది లేదు. మర్నాడు సాయంత్రం ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాను: బలం వేగాన్ని మార్చడానికి బదులు, చిక్కటి నూనెలోలా, బలం ఎంత ఉంటే వేగం అంతే ఉండేలా రాశాను. చుక్కను మళ్లీ అదే చోట పెట్టి, మా అబ్బాయిని పిలిచి వదిలాను. ఈసారి అది పైకి లేచి, లేచేకొద్దీ మందగించి, బద్ధకంగా పక్కకు తిరిగి, విల్లులా వంగి, పాతికేళ్ల కిందట నేను గీసిన గీత మీదుగానే పోయి రుణావేశంలోకి దిగింది.